బుల్లియ్య కండ

కొవ్వూరు స్టేషన్లో దిగి గోదారి గట్టు వైపు నడిచి, కిళ్ళీ బడ్డీ దగ్గర ఎడమ సందులోకి తిరిగితే నా టిఫిన్ కొట్టు కనిపిస్తుంది. ముందు వసారాలో పొయ్యి, బెంచీలు. వెనక నేను పడుకునే గది. ఆ వెనక బావి. ఇంతే నా సంస్థానం. నా పేరు తలుపులమ్మ. ఊళ్ళో అందరికీ తలుపులక్కని. దీనికి నోరెక్కువ అంటారు, అననివ్వండి. మా ఆయన పెళ్ళైన కొత్తల్లోనే పోతే ఈ నోరూ, ఈ రెండు చేతులూ పెట్టుకునే బతికాను.

పొద్దుటి పూట ఇడ్లీలు ఎవరైనా వేస్తారు. నా దగ్గరికి జనం ఎగబడేది సాయంత్రం దిబ్బరొట్టె కోసం. మినప్పప్పు రుబ్బురోట్లో నేనే రుబ్బేదాన్ని. అందులో బియ్యపు రవ్వ కలిపి, మందపాటి ఇనప మూకుట్లో నూనె పోసి మందంగా పరిచి, మూత పెట్టి సన్నటి సెగ మీద వదిలేసేదాన్ని. అడుగు ఎర్రగా కాలుతుంటే ఆ వాసన రైలు కట్ట దాకా పోయేది. వంతెన మీద పని దిగిన గ్యాంగుమెన్లు ఆ వాసన పట్టుకుని వచ్చి, బెంచీలు చాలక గోడవార గొంతుక్కూర్చుని తినేవారు. "పచ్చడా, పానకమా?" అని ఒక్కొక్కర్నీ అడిగి, రొట్టె పక్కన అల్లప్పచ్చడో చెరుకు పానకమో వేసేదాన్ని.

బుల్లియ్య నా తమ్ముడు. అమ్మా నాన్నా పోయాక నేనే పెంచాను. రైసుమిల్లులో బస్తాలు మోసే కళాసీ వాడు. ఓయబ్బో, ఆ ఒళ్ళు చూడాలి మీరు! మెడ మీద ఓ బస్తా పడ్డాక, "ఆ పైన ఇంకోటి వెయ్యండ్రా" అనేవాడట. మిల్లు నుంచి వచ్చి కూలబడితే బెంచీ కిర్రుమనేది. "విరక్కొట్టకురా సచ్చినోడా" అని తిట్టేదాన్ని. వాడు నవ్వి ఇంకో రొట్టె అడిగేవాడు.

పుష్కరాల ముందేడు వాడికి జబ్బు బయటపడింది. ఎయిడ్స్ అండి. పేరు పలికితే నోరేం ఊడిపోదు. ఎక్కడ అంటించుకున్నాడని వీధంతా అడిగింది గానీ నేను మాత్రం అడగలేదు. ముందు జ్వరాలు, తర్వాత విరోచనాలు, ఆ తర్వాత కండ పోవడం మొదలైంది. పిక్కలు పోయాయి. భుజాలు పోయాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉబ్బెత్తుగా ఉండే కండ కూడా కరిగిపోయి అక్కడ గుంట పడింది. కణతలు లోపలికి పోయాయి. నేను పెట్టడం మానలేదు, వాడు తినడం మానలేదు. ఆ తిన్నదంతా ఎటు పోతోందో తెలిసేది కాదు.

రాజమండ్రిలో ఓ డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. "చూడమ్మా, లోపల వైరస్ ఉంది. దాంతో పోట్లాడ్డానికి ఒంటికి రోజూ చాలా శక్తి కావాలి. తిన్నది ఒంటపట్టట్లేదు. అందుకని ఒళ్ళు తన కండ తానే కరిగించి వాడుకుంటోంది. కట్టెలు అయిపోతే ఇంటి వాసాలు పీకి పొయ్యిలో పెట్టుకున్నట్టు." ముట్టుకుంటే రాదనీ, కలిసి తింటే రాదనీ కూడా చెప్పింది. ఆ మాట నేను కొట్టుకొచ్చి అందరితోనూ చెప్పాను. అందరూ బుద్ధిగా తలూపారు. మర్నాటి నుంచి ఒక్కడూ నా బెంచీ ఎక్కలేదు.

ఆ జబ్బు మందులు అప్పటికింకా మా బోటివాళ్ళ దాకా రాలేదు. వాడికి చావంటే భయం లేదండి. దిగులంతా కండ గురించే. మంచంలో పడుకుని ఒక చేత్తో ఇంకో చెయ్యి పట్టుకుని చూసుకునేవాడు.

"అక్కా, నా కండ ఎక్కడికి పోయిందే?"

"కరిగిపోయిందిరా."

"నెయ్యి కరిగితే గిన్నెలో ఉండదూ? ఇదీ ఎక్కడో ఉండాలిగా."

వాడి జుట్టు నిమిరి, పాలు కలిపిన జావ తాగించి, పడుకోబెట్టేదాన్ని.

పోయిన రోజున మా చిన్నాన్న కొడుకు వెంకటరాజు వచ్చి, వాణ్ణి మంచం మీద నుంచి ఒక్కడే ఎత్తి కింద పడుకోబెట్టాడు. వెంకటరాజు బక్కపలచటి మనిషి. ఆయాసం కూడా రాలేదు వాడికి. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను. వీధిలోవాళ్ళు ఎదురరుగుల మీద నిలబడి చూశారు, గడప మాత్రం ఎవరూ దాటలేదు.

పదో రోజు గోష్పాదం రేవులో కర్మ. వెంకటరాజే చేశాడు. పిండం అరిటాకులో మెట్టు మీద పెట్టి దూరం జరిగాం. కాకి ముడితే పోయినవాడికి తృప్తి కలిగినట్టు. ముట్టలేదు. రేవు గోడ మీద వరసగా కూర్చున్నాయి గానీ ఒక్కటీ దిగదు. ఇలాంటప్పుడు మనవాళ్ళు ఏం చేస్తారో తెలుసుగా, పోయినవాడి మనసులో ఉండిపోయిన కోరికేదో అది తీరుస్తామని పైకి మాటివ్వాలి. వెంకటరాజు దండం పెట్టి, "బుల్లియ్యా, అక్కని మేం చూసుకుంటాంరా" అన్నాడు. కాకులకీ నమ్మకం కుదరలేదు. ఎండ ముదురుతోంది. "ఏ కోరిక ఉండిపోయిందో గుర్తు తెచ్చుకోండమ్మా" అన్నారు పంతులుగారు నా వైపు చూసి.

గుర్తు తెచ్చుకోవడానికేముంది! నేనే ఆకు దగ్గరికి వెళ్ళి, పక్కవాళ్ళకి వినపడకుండా అన్నాను. "పోయిన కండ తిరిగి పట్టేదాకా నా చేత్తో పెడతాను. ఒట్టు. రా నాయనా, తిను."

ఒక కాకి దిగింది. ఇంకోటి దిగింది. ఆ వెంటనే గోడ మీదున్నవన్నీ ఒక్కసారే దిగాయి. ఆకు కనపడలేదు. చూస్తుండగానే ఒక్క మెతుకు లేకుండా పోయింది. "మావాడికి ఆకలెక్కువండి" అన్నాను, ఏడుస్తూనే నవ్వి. పంతులుగారు నవ్వలేదు.

కర్మ అయ్యాక కొట్టు మళ్ళీ తెరిచాను. బెంచీలు కడిగాను, గోడలకి సున్నం వేయించాను. ఎవరొచ్చారు? ఈగలు కూడా రాలేదు. పక్క వాటాలో సూర్యకళ ఉంటుంది. పాతికేళ్ళ పిల్ల, బొద్దుగా, ఎప్పుడూ నవ్వు మొహం. దాని మొగుడు లారీ మీద ఒరిస్సా, బెంగాల్ తిరిగి నెలకోసారి ఇల్లు చేరతాడు. ఒకప్పుడు పొద్దస్తమానం నా పొయ్యి దగ్గరే కూర్చుని, రొట్టె పానకంలో ముంచుకు తింటూ కబుర్లు చెప్పేది. ఇప్పుడు తన గుమ్మంలోంచే, "బాగున్నారా అక్కా" అంటుంది. రొట్టె వేసి చూపిస్తే, "ఇప్పుడే అన్నం తిన్నానక్కా" అంటుంది. సాయంత్రం అయిదింటికి అన్నమేంటే నా తల్లీ!

ఒకనాడు దీపాలు పెట్టే వేళ, వేసిన రొట్టె ఎవరికి పెట్టాలో తోచక, ప్లేటులో వేసి బుల్లియ్య కూర్చునే చోట పెట్టాను. లోపలికి వెళ్ళి దేవుడి దగ్గర దీపం వెలిగించి వచ్చేసరికి ప్లేటు ఖాళీ. పిల్లి పని అనుకున్నాను. మర్నాడు మళ్ళీ పెట్టి, తలుపు వార నిలబడి చూశాను. ఏమీ కనపడలేదు. వాసన మాత్రం వచ్చింది. తడిసిన గోనె, తవుడు, వాటి వెనకాల ఆసుపత్రి మందు వాసన. ప్లేటు మీద వేళ్ళతో గీరిన చప్పుడు వినపడింది. బెంచీ మాత్రం కిర్రుమనలేదు.

పారిపోయాననుకున్నారా? నా మొహం, ఎక్కడికి పోతాను? నిజం చెప్పనా, నాకు సంతోషమేసింది. ఇన్నాళ్ళకి నా చేతి తిండి ఒకరు తిన్నారు. "బుల్లియ్యా, నువ్వేనట్రా?" అన్నాను. నాలుగైదు రోజులు పోయాక, నా చెవి పక్కనే, ఊపిరంత సన్నగా వినపడింది.

"అక్కా... ఇంకొంచెం..."

ఇంక సాయంత్రమైతే నాకు పండగే. వెలుతురుంటే వాడు వచ్చేవాడు కాదు, అందుకని ఆ కాసేపు లైటు వేసేదాన్ని కాదు. చీకట్లో ఎదురుగా పీట వేసుకుని కూర్చుని కబుర్లు చెప్పేదాన్ని. ఏం కబుర్లు, రోజూ ఒకటే గోల. కొట్టుకి ఎవరూ రావట్లేదురా, ఖాళీ బెంచీలు చూస్తే ఏడుపొస్తోందిరా, మాట్లాడే దిక్కు లేదురా అని. వాడు వింటూ తినేవాడు. రోజులు గడిచేకొద్దీ బెంచీలో చప్పుడు మొదలైంది. మొదట టిక్కుమని చిన్నగా. తర్వాత కిర్రుమని. ఒకనాడు వాడు కూర్చోగానే, ఒకప్పుడు మిల్లు నుంచి వచ్చి కూలబడ్డప్పటి మోత వినపడింది. ఆ రోజు నేను చప్పట్లు కొట్టాను. నా తమ్ముడికి కండ పడుతోంది!

నా సంగతి నేను చూసుకోలేదు. ముందు బావిలో చేద బరువనిపించింది. తర్వాత రుబ్బురోట్లో పొత్రం తిరగలేదు. ఇరవయ్యేళ్ళు తిప్పిన పొత్రమండి, మొరాయించినట్టు కూర్చుంది. రెండు చేతులతో పట్టి తోస్తే నేనే వెనక్కి పడ్డాను. జాకెట్టు చేతులు వదులైపోయి వేలాడుతున్నాయి. తిండి మామూలుగానే తింటున్నాను, ఒక్క ముద్ద తగ్గించలేదు.

సూర్యకళ గుమ్మంలోంచి చూసి, "అక్కా, అలా చిక్కిపోయారేంటి?" అంది. అంటూనే ఒక అడుగు వెనక్కి వేసింది. దీనికీ అంటుకుందని సాయంత్రానికల్లా సందంతా చెప్పుకున్నారు.

నేనే రైలెక్కి రాజమండ్రి వెళ్ళాను. ఆ డాక్టరమ్మే రక్తం తీయించింది. కాగితం చూసి తల అడ్డంగా ఊపింది. "నీకు ఆ వైరస్ లేదు తలుపులమ్మా. టీబీ లేదు, షుగరు లేదు. కానీ మీ తమ్ముడికి పోయినట్టే కండ పోతోంది. ఎందుకో నాకర్థం కావట్లేదు." నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, బొటనవేలి పక్కన పడ్డ గుంటని వేలితో తడిమింది. ఎన్ని నెలలకి నన్నొక మనిషి ముట్టుకుందో! అక్కడే భోరుమని ఏడ్చాను. ఆవిడ జబ్బుకి ఏడుస్తున్నాననుకుంది, బలానికి మాత్రలు రాసిచ్చింది.

తిరిగొస్తుంటే రైలు వంతెన మీద ఆగింది. కింద గోదారి ఎర్రగా, నిండుగా ఉంది. నా మోకాళ్ళ మీద పెట్టుకున్న చేతుల్ని చూసుకుంటుంటే అప్పుడు తట్టింది, బుల్లియ్యకి పడుతున్న కండ ఎక్కడిదో. స్టేషన్లో దిగి ఇంటికి వెళ్ళకుండా నేరుగా రేవులో పంతులుగారి దగ్గరికి వెళ్ళాను.

"ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవచ్చాండి?"

"ఏమని ఇచ్చారమ్మా ఆ రోజు?"

చెప్పాను. సాయంత్రాలు వస్తున్నాడని కూడా చెప్పాను. ఆయన మొహం మారిపోయింది. "పేరు చెప్పారా? గోత్రం?"

"నా తమ్ముడికే కదండీ, పేరెందుకు?"

"అయ్యో తల్లీ, పేరు చెప్పకుండా పిండం పెట్టం. పేరు లేకుండా రా తిను అంటే, ఆకలితో ఉన్నవాళ్ళెవరైనా వింటారు." ఆయన గొంతు తగ్గించారు. "ఇవాళ పొయ్యి వెలిగించకండి. దీపం పెట్టుకుని, పొమ్మని గట్టిగా చెప్పండి."

ఇంటికి చేరేసరికి వాన మొదలైంది. కాసేపటికి కరెంటు పోయింది. వీధి తలుపు గడియ పెట్టాను. పొయ్యిలో నీళ్ళు చల్లాను. పిండి గిన్నె తీసుకెళ్ళి పెరట్లో బోర్లించాను. కిరసనాయిలు దీపం వెలిగించి ముందు పెట్టుకుని పీట మీద కూర్చున్నాను. పెంకుల మీద వాన ఏకధాటిగా కురుస్తోంది. గోడ అవతల సూర్యకళ బ్యాటరీ రేడియోలో పాటలు పెట్టుకుని చేటలో బియ్యం చెరుగుతోంది. ఆ చప్పుడు వింటుంటే కొంచెం ధైర్యంగా ఉంది.

దీపం చిన్నదైంది. గాలి లేదు. నూనె ఉంది. ఒత్తి పెంచాను. ఇంకా చిన్నదైంది...

ఆరిపోయింది.

గోనె వాసన.

బెంచీ కిర్రుమంది. పెద్దగా.

"అక్కా... పెట్టవా?"

"లేదురా. వెళ్ళిపో."

వాన.

"పొయ్యి వెలిగించలేదు బుల్లియ్యా. పిండి కూడా లేదు. పెట్టడానికేమీ లేదు నాన్నా, వెళ్ళిపో."

"నేను తినేది రొట్టె కాదుగా అక్కా..."

లేచి, వాణ్ణి తోసేద్దామని చీకట్లో చెయ్యి చాపాను. భుజం తగిలింది. వెచ్చగా ఉంది. నిండుగా ఉంది. కానీ కళాసీ భుజం కాదది. బస్తా మోసి కాయకట్టిన భుజం నాకు తెలీదా? ఇది మెత్తగా ఉంది. కిందకి తడిమాను... మోచేతి పైన గుండ్రటి కండ. పొత్రం తిప్పీ తిప్పీ గట్టిపడిన ఆడదాని కండ.

నా కండ.

"ఇది నాదిరా!" అని అరిచాను. "ఇచ్చెయ్. నాకు కావాలి."

"నువ్వే ఇచ్చావుగా."

"తెలీక ఇచ్చాను. నాకు బతకాలని ఉంది బుల్లియ్యా. ఎవరూ రాకపోయినా, ఎవరూ పలకరించకపోయినా సరే, నాకు బతకాలని ఉందిరా."

బెంచీ మీద బరువు లేచింది. అడుగులు వీధి తలుపు వైపు వెళ్ళాయి. గడియ దానంతటది తీసుకుంది. తడిగాలి లోపలికి కొట్టింది.

"నేను పోతే ఒక్కదానివే అయిపోతావని..." గుమ్మం దగ్గర్నుంచి వాడి గొంతు, చిన్నప్పటి గొంతు, గారంగా వినపడింది. "తీసుకొచ్చానే."

"ఎవర్ని?"

"కొట్టుకి ఎవరూ రావట్లేదని రోజూ ఏడ్చేదానివిగా."

ముందు వాసన వచ్చింది. తడిబట్టలు... జ్వరపు చెమట... మందులు... ఒకరిది కాదు. తర్వాత రెండో బెంచీ టిక్కుమంది. చాలా చిన్నగా. దాని పక్కది టిక్కుమంది. గోడవార ఎవరో గొంతుక్కూర్చున్నట్టు మోకాళ్ళు కటుక్కుమన్నాయి. పొడి దగ్గు. అవతల మూల ఇంకో దగ్గు. ఆ ఏళ్ళలో మా వైపు ఎంతమంది అలా చిక్కి చిక్కి పోయారో ఎవరు చెప్తారు? కన్నవాళ్ళే జబ్బు పేరు దాచి, ఊరికి తెలీకుండా, పిండమైనా పెట్టకుండా పని కానిచ్చేశారు.

"అమ్మా..." ఎవరో తెలీదు. "మాకూ..."

"మీకెవరికీ నేను మాటివ్వలేదు!"

దొంతరగా పెట్టిన స్టీలు ప్లేట్లు కదిలాయి. ఒక్కొక్కటీ చేతులు మారుతున్న చప్పుడు. అటు బెంచీకి... ఇటు బెంచీకి... గోడవారకి...

పారిపోదామంటే కాళ్ళలో సత్తువ లేదు. పాక్కుంటూ వెళ్ళి సూర్యకళ వాటా గోడని గుద్దాను. "సూర్యకళా! ఒక్కసారి రావే తల్లీ!"

రేడియో తగ్గింది. "ఏంటక్కా?"

"ఒక్కసారి వచ్చి గుమ్మంలో నిలబడవే. లాంతరు పట్టుకుని రా. నీకు దణ్ణం పెడతాను."

"వాన పడుతోందక్కా. నాకూ నెల్రోజులుగా జ్వరం తగ్గట్లేదు. రేపొస్తాను." మళ్ళీ చేట చప్పుడు మొదలైంది.

నాకు ఒక్కసారిగా నీరసం ముంచుకొచ్చింది. భయం ఉంది, లేదనను. కానీ దానికంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. పొయ్యి దగ్గరికి జరిగి, తడుముకుంటూ అగ్గిపెట్టె అందుకుని పుల్ల గీశాను. వెలుతురులో ఎవరూ లేరు. బెంచీల మీద ఎడం ఎడంగా ప్లేట్లు పెట్టి ఉన్నాయి. గోడవార నేల మీద కూడా వరసగా ప్లేట్లు. ఒక్క చోటు ఖాళీ లేదు. పుల్ల నా వేలు కాల్చి ఆరిపోయింది.

చీకట్లో అందరూ ఎదురుచూస్తున్నారు. కొట్టు నిండా జనం. ఏం చెయ్యమంటారు నన్ను? ఇరవయ్యేళ్ళు చేసిన పని. నోటికి అలవాటైన మాట నేను ఆపేలోపే వచ్చేసింది.

"పచ్చడా... పానకమా?"

మూల బెంచీ మీద ఒక ఆడగొంతు చిన్నగా నవ్వింది.

"నాకు పానకమే అక్కా."

నాకు బాగా తెలిసిన నవ్వది. సూర్యకళది.

అప్పుడు గోడ అవతల చేట చప్పుడు ఆగింది. అదే గొంతు అటు నుంచి అడిగింది.

"ఎవరొచ్చారక్కా?"